చింతయు శ్రద్ధయు



ఈ సాయంకాలము మీ యెదుట నేను గహనమైన వేదాంతవిషయమును ప్రస్తావింప దలచుకొనలేదు. మనము దినదినమును వాడుకొను కొన్ని యాంగ్లపదముల యర్థభేదమును విచారించి, ఆ భేదము మన హృదయములకు నేర్పు ధర్మ మేదియో కనుగొనుటయే నా యుద్దేశము. కేర్, వర్రీ, యాంగ్జైటీ, కన్సర్న్ అను మాటలను ఇంగ్లీషు చదివిన మనలో ననేకులు ఒకదానికి బదులుగా నొకటి వాడుచుందురు. నేనును అట్లే వాడుచుంటిని. వాని భేదమును నాకు దెలిపినది నిఘంటువు కాదు. నా కుమార్తె రోగశయ్య.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆమెకు జ్వరము తగిలి మూడు వారములు మంచము విడువలేదు. నేను పనులన్నియు మానుకొని యామె చెంతనే కూర్చుంటిని. గడియగడియకును నుదుటిపై చేయి వైచి చూచి, "ఎట్లున్నదమ్మా?" యని యడుగుచుంటిని. వైద్యుని ప్రతిమాటకును చెడ్డయర్థము గల్పించుకొని నిట్టూర్చుచుంటిని. ఇంతకంటె ప్రేమించు తండ్రి యుండునా యని లోలోపల కొంత గర్వమును గలదు. పదునాల్గవ దినమున నాబిడ్డ కన్నులు మూసికొనియే, "నాన్నగారూ, మీకు ధైర్యము చెప్పుటకే నా కున్న యోపిక చాలకున్నది. అమ్మను రమ్మనుడు" అనెను. తల్లి వచ్చెను. ఆమె యే ప్రశ్నయు నడుగలేదు. చెమటకు దడిసిన దిండుగలేబు మార్చి, కిటికీ తెఱచి, గంజిలో నుప్పు సరిపోయినదో లేదో చూచి త్రాగించి, దీపము తగ్గించి ప్రక్కన గూర్చుండెను. బిడ్డ నిద్రించెను.

ప్రేమ యిద్దఱికిని గలదు. కాని నాప్రేమ రోగికి మఱియొక రోగమయ్యెను. నాది వర్రీ; ఆమెది కేర్. ఈ రెండు పదముల పుట్టుపూర్వోత్తరములను బిమ్మట చదివినప్పుడు నాకు గలిగిన సిగ్గును ఆశ్చర్యమును మీతో బంచుకొందును.

వర్రీ యను మాట ప్రాచీనాంగ్లమున గొంతు నులిమి చంపుట యను నర్థముగల క్రియనుండి పుట్టినది. తరువాత కుక్క గొఱ్ఱెగొంతు కఱచిపట్టి యీడ్చుటకు దానిని వాడిరి. బ్రిటనులో పశువులను గాపాడుటకై 1953లో జేసిన చట్టమునందును, కుక్కలు మందను పీడించుటకు ఈ మాటయే వాడబడినది. మనోవ్యథ యను నర్థము దానికి బలముగా నేర్పడినది పందొమ్మిదవ శతాబ్దముననే. దాని తోబుట్టువులును ఇట్టివే. యాంగ్జైటీ యనునది బిగించి నొక్కుట యను నర్థముగల లాటినుధాతువునుండి వచ్చినది. ఫ్రెట్ అనగా మొదట తినివేయుట. ఒకటి నులుమును, ఒకటి బిగించును, ఒకటి కొఱుకును. ఆ భాషను గల్పించిన పల్లెజనులు దిగులుయొక్క స్వరూపమును కన్నులార చూచినట్లే పేర్లు పెట్టిరి.

ఇక కేర్ అను మాట. లాటినులోని క్యూరా యను పదముతో నిది పోలియుండినను దానితో దీనికి బంధుత్వము లేదు. ప్రాచీనాంగ్లమున దీని మొదటి యర్థము దుఃఖము, శోకము. అదియే క్రమముగా జాగ్రత్త యనియు, సంరక్షణ మనియు, పరిచర్య యనియు అర్థములను బొందినది. చూచితిరా యీ రెండు మాటల ప్రయాణము! వర్రీ ఒరుల గొంతుమీది పట్టుగా మొదలై మనస్సులోనికి జొచ్చి యచ్చటనే నిలిచిపోయెను. కేర్ మనస్సులోని దుఃఖముగా మొదలై చేతిలోనికి దిగివచ్చెను. దుఃఖము చేతికి దిగివచ్చినపుడే శ్రద్ధ యగును. దిగిరాక లోపలనే తిరుగుచున్నయెడల మన గొంతును, మనము ప్రేమించువారి గొంతును నులుమును.

"అట్లయిన దుఃఖమే లేకుండుట మేలుగదా" యని యెవరైన నడుగవచ్చును. దీనికిని ఆ భాషయే యుత్తరము చెప్పుచున్నది. కేర్‌లెస్ అనినను కేర్‌ఫ్రీ యనినను అక్షరార్థమున కేర్ లేకుండుటయే. కాని మొదటిది నింద, రెండవది భాగ్యము. ఇరుగుపొరుగున బిడ్డ యాకలితో నేడ్చుచుండగా హాయిగా నిద్రించువాడు మొదటివాడు. చేయవలసినది చేసి, ఫలమును ఈశ్వరునకు విడిచి నిద్రించువాడు రెండవవాడు. బయటనుండి చూచినవారికి ఇద్దఱి నిద్రయు నొక్కటే. అంతర్యామి కవి రెండు.

క్రీస్తు కొండమీది యుపదేశమున రేపటినిగూర్చి వ్యాకులపడవలదని బోధించెను. 1611లో బ్రకటింపబడిన యాంగ్లానువాదమున నీ వ్యాకులతకు థాట్, అనగా ఆలోచన, అను మాట వాడబడెను. ఆ కాలమున నా మాటకు దిగులు అను నర్థమును గలదు. ఆ యర్థము మఱుగుపడిన పిమ్మట, 1881లో సవరించిన క్రొత్తనిబంధన యనువాదమున యాంగ్షస్ అను మాటను నిలిపిరి. సవరణ లేనియెడల, రేపటినిగూర్చి యాలోచనయే తగదనియు, రైతు విత్తనము దాచుకొనుటయు దోషమే యనియు చదువరి భ్రమపడవచ్చును గదా! మన భాషయందును ఇట్టి వింతయే జరిగినది. పరిశీలన యను నర్థముగల విచారము తెలుగున దుఃఖమయ్యెను. ఆలోచన యను నర్థముగల చింత దిగులయ్యెను. ఆలోచన ఎచ్చట ముగిసి దిగులెచ్చట మొదలగునో గుర్తించుట కష్టమని రెండు భాషలును సాక్ష్యమిచ్చుచున్నవి. నాకు దోచిన గుర్తు ఒక్కటి: ఆలోచన ఒక నిశ్చయమునకు జేరి నిలుచును, దిగులు గానుగెద్దువలె తిరిగినచోటనే తిరుగును.

శ్రద్ధకు కన్నులును ఉండవలయును. 1854 నవంబరులో ఫ్లారెన్స్ నైటింగేల్ తన తోడి యుపచారికలతో స్కుటారిలోని సైనికవైద్యశాలకు జేరెను. వారు రాత్రింబవళ్లు సేవించినను ఆ శీతకాలమున సైనికులు వేలకొలది మరణించిరి. 1855 మార్చిలో ఇంగ్లాండునుండి వచ్చిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలను శుభ్రపఱపించి, గాలి యాడు మార్గములను గల్పించిన పిమ్మట మరణములు మిక్కిలి తగ్గెను. కరుణకు కొదువ లేకున్నను కారణము కంటబడువఱకు ప్రాణములు నిలువలేదు. రోగిపరిచర్యనుగూర్చి 1859లో నామె ప్రకటించిన గ్రంథమునందు, భయము, సందేహము, ఎదురుచూపు అనునవి శరీరశ్రమకంటె రోగికి హెచ్చు హాని చేయునని చెప్పినది. పరామర్శకు వచ్చి పొల్లుమాటలతో ధైర్యము చెప్పిపోవువారిని మందలించినది. తా నున్నపుడు జరుగు మేలు తాను లేనపుడును జరుగునట్లు ఏర్పఱచుటయే బాధ్యత వహించుట యని బోధించినది. మంచము విడువక కూర్చున్న నావంటి తండ్రుల కిది గుణపాఠము.

మహాశయులారా, ఇది యింటిమాట మాత్రమే కాదు. మనము సభలు గూడి దేశముయొక్క దుస్థితినిగూర్చి దీర్ఘముగా నిట్టూర్చి, ఆ నిట్టూర్పే సేవ యని తృప్తిపడి యిండ్లకు బోవుచుందుము. మన వంటయింటి పనిమనిషికి బడికిపోవలసిన కూతు రున్నదో లేదో యెఱుగము. వృద్ధురాలైన తల్లినిగూర్చి స్నేహితులకడ బెంగపడుదుము. ఆమె కండ్లద్దము విఱిగి నెల దాటిన సంగతి మనకు దెలియదు. బెంగ యెంత పెద్దదైనను దానితో నామె యొక్క పుట చదువజాలదు. కాబట్టి హృదయము బరువెక్కినపుడెల్ల మన మొక ప్రశ్న వేసికొందము: ఈ బరువు నేడు నాచేతికి ఏ పని చెప్పుచున్నది? పని చెప్పినయెడల లేచి దానిని జేయుదము. ఏ పనియు జెప్పనియెడల, ఆ బరువు మనది కాదని యెఱిగి, మోయగలవాని పాదములకడ దించుదము.

ప్రార్థింతము. ఓ పరమేశ్వరా, మా హృదయములను రాళ్లుగా జేయకుము. ఒరుల దుఃఖము మమ్ము తాకనిమ్ము. కాని యా దుఃఖమును మా గొంతులయందు నిలువనీయక మా చేతులకు దింపుము. ఎవరిని ప్రేమింతుమో వారికి మేము భారము గాకుండ, కిటికీనుండి వచ్చు చల్లనిగాలివలె నుండునట్లు అనుగ్రహింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.