అంతర్వాణియు స్వాతంత్ర్యమును

మనుష్యుడు స్వతంత్రుడని సభలలో చెప్పుట సులభము. ఆ స్వాతంత్ర్యముతో నేనేమి చేయవలెనని యొక పడుచువాడు మన గుమ్మమున నిలిచి యడిగినప్పుడు బదులు చెప్పుట కష్టము. సంస్కారాభిమానులగు చదువరులలో ననేకుల కిట్టి సంకట మెదురయి యుండకపోదు.

1945వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీని పారిసు నగరమున జాఁ పాల్ సార్త్ర్ అను తత్త్వవేత్త యొక యుపన్యాసము చేసెను. యుద్ధకాలమున తన కడకు వచ్చిన యొక శిష్యుని వృత్తాంత మందు కలదు. ఆ శిష్యుని యన్న 1940లో జర్మనుల దండయాత్రయందు చంపబడెను. తండ్రి తల్లితో కలహించి శత్రుపక్షమువైపు మొగ్గుచుండెను. దుఃఖములో మునిగిన తల్లికి మిగిలిన యాధార మీ కుమారు డొక్కడే. అతడు ఇంగ్లండునకు పోయి స్వేచ్ఛా ఫ్రెంచిసేనలో చేరవలెనా, తల్లి కడ నిలువవలెనా? పొరుగువానిని ప్రేమింపుమని క్రైస్తవధర్మము చెప్పును. కాని యిచ్చట పొరుగువా డెవడు, తల్లియా, తోడి సైనికుడా? మనుష్యుని సాధనముగా మాత్రమే చూడవలదని కాంటు పండితుడు చెప్పును. కాని యీ యువకు డే దారిని పోయినను రెండవవారు సాధనమాత్రులగు భయము కలదు. సార్త్ర్ చెప్పిన ప్రత్యుత్తర మింతే: నీవు స్వతంత్రుడవు, నీవే యెన్నుకొనుము.

ఇది బదులు కాదు, బాధ్యత నుండి తప్పించుకొనుట యని మేమును మొదట తలచితిమి. దప్పిగొని వచ్చినవానికి నూయి చూపక, నీరు త్రాగుట నీ యిష్టమని చెప్పినట్లు తోచెను. కాని సార్త్ర్ పండితుడే మరియొక మాట యనెను. సలహాదారు నెన్నుకొనుటయే సగము నిర్ణయము. ఒకడు మతాచార్యుని కడకు పోయినచో, ఆయన యేమి చెప్పునో కొంత యెరిగియే పోవును. ఇది మనవారి విషయమునను నిజమే. కులాంతరవివాహము చేసికొనదలచినవాడు సంస్కర్త యింటికి వచ్చును. మానుకొనదలచినవాడు పురోహితుని యింటికి పోవును. ఇరువురును, పెద్దలు చెప్పినట్లు చేసితిమని పిమ్మట చెప్పుకొందురు.

ఈ మతమునకు అస్తిత్వవాదమని పేరు. కాగితములు కోయు కత్తిని చేయువాడు దాని ప్రయోజనమును ముందుగా మనస్సున నిలుపుకొనును. అచ్చట స్వభావము ముందు, ఉనికి పిమ్మట. మనుష్యు నట్లు ముందుగా సంకల్పించిన కర్త లేడనియు, మనుష్యుడు మొదట నుండి, పిదప తన చేతలచే తన్ను తాను నిర్మించుకొనుననియు సార్త్ర్ వాదము. సృష్టికర్తను నమ్మిన మనమిచ్చట నాతనితో విడిపోవుదుము. అంతటితో నాతనికి బదులు చెప్పితిమని తృప్తిపడుట మాత్రము తగదు. ఈశ్వరుడున్నను ఈ విషయమున భేద మేమియు రాదని యాతడు తుదకు చెప్పినాడు. నాస్తికత్వముకంటె నీ మాటయే మనల నెక్కువగా కలతపెట్టవలసినది. భగవద్వాణి వినబడెననుకొందము, అది భగవద్వాణియే యని తీర్మానించువా డెవడు? ఆబ్రహాము తన కుమారుని బలి యీయ బోయిన కథను గూర్చి 1843లో కీర్కెగార్డు అను డేనిషు రచయిత యొక గ్రంథము వ్రాసెను. ఆయన పరమభక్తుడు. ఆ గ్రంథములోని వేదనను సార్త్ర్ ప్రస్తావించి, వచ్చినవాడు దేవదూత యగునో కాదో నిర్ణయించువాడను నేనే కదా యని యడిగెను.

ఈ ప్రశ్న మన సమాజమునకు క్రొత్తది కాదు. 1872వ సంవత్సరపు మూడవ వివాహశాసనముకొరకు కేశవచంద్రసేనుడు మిక్కిలి పాటుపడెను. వధువునకు పదునాలుగేండ్లును వరునకు పదునెనిమిదేండ్లును ఉండవలెనని యా శాసనము విధించెను. ఆరు సంవత్సరములకు, 1878వ సంవత్సరము మార్చి 6వ తేదీని, ఆయన తన కుమార్తె సునీతిని కూచబిహారు మహారాజున కిచ్చి వివాహము చేసెను. ఇరువురిలో నెవ్వరికిని ఆ వయస్సు నిండలేదు. ఈశ్వరాదేశము కలిగినదని కేశవుడు చెప్పెను. ఆయన కపటి యని మే మనజాలము. కపటి యైనచో మనకు చిక్కే లేకుండెడిది. ఆ మే నెల 15వ తేదీని విరోధపక్షము వారు సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించిరి. ఆదేశము నాకే వినబడెననువాని కెదురుగా వారు సంఘనిబంధనలను నిలిపిరి. మంచిదే. కాని సంఘమును నాశ్రయించుటయు నొక యెన్నికయే. మూకయు నొక్కొక్కప్పుడు పొరబడును.

దేవేంద్రనాథ ఠాకూరు కథ మరియొక తీరుది. 1846లో తండ్రి లండనున మరణించినప్పుడు, విగ్రహారాధనతో కూడిన శ్రాద్ధమును చేయనని యాయన నిశ్చయించుకొనెను. బంధువులు విడనాడిరి. ఆయనయు అంతర్వాణినే వినెను. అయినచో నిది నిజమనియు, కేశవుడు వినినది భ్రాంతి యనియు మన మెట్లు చెప్పగలము? చాలకాలము మాకు తోచిన గురుతొకటి కలదు: దేవేంద్రుని యెన్నికవలన కలిగిన నష్టము ప్రధానముగా నాయనమీదనే పడెను, కేశవుని యెన్నికయందు పడినది యొక బాలిక జీవితము. ఈ గురుతు సంపూర్ణమైనది కాదు. దేవేంద్రుని యింటివారును బంధువియోగము ననుభవింపక తప్పలేదు. ఐనను దీనిని పూర్తిగా విడువజాలకున్నాము.

సార్త్ర్ సహచరి యగు సీమోన్ ద బోవ్వార్ 1947లో నీతిని గూర్చి ప్రకటించిన గ్రంథ మిచ్చట మనకు తోడ్పడును. బానిసలును, అజ్ఞానములో నుంచబడిన స్త్రీలును ఇతరులు కట్టిన లోకములో బాలురవలె జీవింతురనియు, మరియొక దారి కలదని తెలియనంతవర కది వారి తప్పు కాదనియు, తెలిసిన పిదప దానిని వదలుట తమ దోషమే యగుననియు నామె వాదించెను. తన స్వేచ్ఛను కోరువా డితరుల స్వేచ్ఛను గూడ కోరవలెనని యామె మతము. మనుష్యు డెల్లప్పుడు స్వతంత్రుడే యను గట్టి మాటకంటె నిది మన దేశస్థితికి దగ్గరగా నున్నది. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. వధువు బాలిక. ఆ దినమున పంతులుగారి ధైర్యమును, వరుని ధైర్యమును లోకము చూచినది. ఆ బాలికకు పూర్వాచార మొక గోడ. ఆ గోడలో ద్వారము తెరచుటయే సంస్కర్త చేయగలిగిన పని. ద్వారము దాటుట యామెది. ద్వారము తెరచినవాడు చేయిపట్టి యీడ్చినచో, అదియు మరియొక గోడయే యగునుగదా యని మాకు సందేహము కలుగుచుండును.

కూచబిహారు వివాహమును గూర్చిన వాదప్రతివాదములను మేము మరల చదివితిమి. ఆదేశమును గూర్చి యున్నది, వయస్సును గూర్చి యున్నది, పూజావిధానమును గూర్చి యున్నది. సునీతి యేమి కోరెనో తెలిసికొన ప్రయత్నించినవారి మాటలు మాకంతగా కనబడలేదు. గుమ్మమున నిలిచిన పడుచువానిని మేమును మొన్నటిదాక నీ మనస్సాక్షి యేమనుచున్నదని యడుగుచుంటిమి. ఇప్పుడు దానికి ముందు, నీవు చేయబోవు పనిని భరింపవలసిన యామెను అడిగితివా యని యడుగుచున్నాము. పలువురు తల వంచుకొందురు. కొందరు తిరిగి పోయి అడిగి వత్తురు.