ఈ చావులు ఎవరి పద్దులో?

విజయవాడ పటమటలో ఇద్దరు బావాబావమరుదులు ఉన్నారు. బావ రైల్వేలో రిటైరయ్యాడు. దుర్గమ్మ దర్శనం కాకుండా శుక్రవారం గడవనివ్వడు. బావమరిది కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. దండం పెట్టమంటే ఎవరికని అడిగే రకం. జనాన్ని ఎక్కువ చంపింది మతమా, నాస్తికత్వమా అన్నది వాళ్ల మధ్య పాత పేచీ.

ఈసారి బావే ముందు అందుకున్నాడు. "ఎప్పుడూ క్రూసేడ్లంటావు గానీ స్టాలిన్ మాట ఎత్తవేం? 1931లో మాస్కోలో అంత పెద్ద చర్చిని డైనమైట్ పెట్టి కూల్చలేదూ? 1967లో అల్బేనియాలో మసీదులూ చర్చిలూ అన్నీ మూయించి, మాది నాస్తిక రాజ్యమని అక్కడి పాలకుడు హోజా చాటుకోలేదూ? వాళ్లు ఏ దేవుడికి మొక్కారోయ్?"

ఇక్కడ చాలామంది నాస్తికులు పక్కదారి పడతారు. స్టాలిన్ చిన్నప్పుడు సెమినరీలో చదివాడనో, కమ్యూనిజమూ ఒక మతమేననో అంటారు. అది తప్పించుకోవడమే. బావమరిది ఆ పని చేయలేదు.

"ఒప్పుకున్నా బావా. అవి మా పద్దులోనే రాసుకో. కానీ 1937 సంగతి కూడా విను."

ఆ ఏడాది జనవరిలో సోవియట్ ప్రభుత్వం జనాభా లెక్కలు తీయించింది. మతం ఉందా లేదా అని కూడా అడిగించింది. లేదనే చెబుతారని పాలకుల ఆశ. ఉందంటే ఏమవుతుందో తెలిసి కూడా, పదహారేళ్లు దాటినవాళ్లలో సగానికి పైగా ఉందనే చెప్పారు. పైగా మొత్తం జనాభా 16.2 కోట్ల దగ్గరే ఆగింది. అనుకున్నదానికి చాలా తక్కువ. 1932-33 కరువులో పోయిన లక్షల ప్రాణాలు ఆ తేడాలో ఉన్నాయి. స్టాలిన్ ఆ లెక్కల్ని తొక్కిపెట్టాడు. జనగణన నడిపిన క్విట్కిన్ అనే అధికారిని కాల్చి చంపారు. దేవుణ్ణి నమ్మినందుకు కాదు, తలలు సరిగ్గా లెక్కపెట్టినందుకు!

"అంటే నాస్తికత్వానికి ఏ పాపమూ అంటలేదు, పాపమంతా మతానిదేనంటావు," అన్నాడు బావ.

"అననులే. తులూజ్ కథ విన్నాక నువ్వే చెప్పు."

1761 అక్టోబరులో ఫ్రాన్సులోని తులూజ్‌లో జాన్ కలాస్ అనే గుడ్డల వ్యాపారి పెద్దకొడుకు ఇంట్లోనే శవమై కనిపించాడు. కలాస్ ప్రొటెస్టెంటు, ఊరంతా కేథలిక్కులు. గుమిగూడిన జనంలో ఎవరో ఒక మాట విసిరారు: కొడుకు కేథలిక్కుల్లో కలుస్తాడని తండ్రే చంపేశాడట. సాక్ష్యం లేదు, పుకారే సాక్ష్యమైంది. 1762 మార్చి 10న, అరవై దాటిన ఆ ముసలాయన ఎముకలు విరగ్గొట్టి చంపారు. చివరిదాకా ఆయన తనకేమీ తెలియదనే అన్నాడు. ఆ అన్యాయం మీద కలం పట్టినవాడు వోల్టేర్.

"వోల్టేర్ నాస్తికుడేనా?" బావ చటుక్కున పట్టుకున్నాడు.

"కాదు. దేవుడున్నాడనే నమ్మాడు."

"అట్లా చెప్పు మరి!"

ఆ పాయింటు బావదే. నాస్తిక కేంద్రం ఉన్న పటమటలో కూర్చుని ఈ మాట అనుకోవడం కూడా తమాషాగానే ఉంది. ఆ కేంద్రం పెట్టిన గోరా, నాస్తికుడైనందుకు 1933లో కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. రామనామం వదలని గాంధీ, గోరా కూతురు దళిత యువకుణ్ణి చేసుకునే పెళ్లిని సేవాగ్రాంలో, దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద జరిపించడానికి ఒప్పుకున్నాడు. 1948 మార్చిలో ఆ పెళ్లి జరిగేనాటికి గాంధీ లేడు. ఆయన్ని కాల్చినవాడు నాస్తికుడు కాదు.

శవాలు లెక్కపెట్టి గెలుద్దామనుకుంటే ఈ పేచీ తెగదు. అలాగని మతమూ నాస్తికత్వమూ రెండూ అమాయకమైనవని వదిలేయడమూ కుదరదు. తులూజ్ న్యాయమూర్తులకు మతద్రోహి అన్న మాట, మాస్కో పోలీసులకు ప్రజాశత్రువు అన్న మాట చేతికందాయి. చంపాక కూడా నిద్రపట్టేది ఆ మాటల వల్లే. తేడా అల్లా, ఎదురు మాట్లాడే మనిషి ఎక్కడైనా మిగిలాడా అన్నదే. వోల్టేర్ ముందుజాగ్రత్తగా స్విస్ సరిహద్దు పక్కన ఫెర్నేలో కాపురముండేవాడు, అవసరమైతే దాటేయడానికి. ఆయన రాతలతో పారిస్‌లో కేసు తిరగదోడారు. 1765 మార్చి 9న, చనిపోయిన మూడేళ్లకు, కలాస్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. 1937 నాటి సోవియట్ జనాభా లెక్కలు అచ్చులోకి రావడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది.