నిందకు చిరునామా: గోదావరి తీర గేయాల్లో విశ్వాస సంఘర్షణ

విశ్వాసంతో పెనుగులాడే పాటను భక్తిగీతం అనవచ్చునా, లేక అది భక్తికి భంగమా? ఆధునిక రాక్ సంగీతంలో ఈ ప్రశ్నను లేవనెత్తిన ప్రసిద్ధ గీతం ఐర్లండుకు చెందిన యూటూ బృందం 1987లో విడిగా విడుదల చేసిన ‘ఐ స్టిల్ హావెంట్ ఫౌండ్ వాట్ అయామ్ లుకింగ్ ఫర్’. వెతుకుతున్నది ఇంకా దొరకలేదని శీర్షికలోనే చెప్పుకొన్న ఆ పాట క్రైస్తవ విశ్వాసాన్ని నిరాకరించదు. రానున్న దైవరాజ్యాన్ని నమ్ముతున్నట్లు గాయకుడు ఒప్పుకొంటాడు. ఒప్పుకొన్న తరువాత కూడా దొరకలేదనే అంటాడు. ఆ బృందంలోని ముగ్గురు అంతకు కొన్నేళ్ల ముందు డబ్లిన్‌లో ఒక క్రైస్తవ ప్రార్థనా సమాజంలో ఉండి, రాక్ సంగీతమూ విశ్వాసమూ ఒకే ఒరలో ఇముడుతాయా అని మథనపడి, సంగీతాన్నే విడిచిపెట్టే దాకా వెళ్లినవారు. ఇంతకంటె గమనింపదగిన విషయం మరొకటి ఉంది. 1988 నాటి వారి చలనచిత్రంలో న్యూయార్కు హార్లెంలోని ఒక చర్చిలో స్తోత్రగాయకుల బృందం ఇదే పాటను గొంతెత్తి పాడింది. దొరకలేదన్న మాట స్తోత్రం ఎట్లా అయింది?

తెలుగు పాఠకునికి ఈ ప్రశ్న అంత వింతగా తోచదు. గోదావరి ఒడ్డున, 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో భాగంగా ఉండిన భద్రాచలంలో, దేవుణ్ణి నిలదీసిన కీర్తనలు నేటికీ కల్యాణోత్సవాల్లో పాడుతూనే ఉన్నారు. కంచర్ల గోపన్న రాజధనంతో గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో దెబ్బలు తిన్నవాడు. ఇక్ష్వాకు కులతిలకుణ్ణి సంబోధించిన కీర్తనలో ఆయన సీతమ్మకూ, భరత లక్ష్మణులకూ, రామునికీ చేయించిన నగలను పేరుపేరునా చెప్పి, ఒక్కొక్కదానికి పట్టిన వరహాల లెక్క చూపి, ఎవరి సొమ్మని ధరించి తిరుగుతున్నావని అడుగుతాడు. ఇది తహసీలుదారు భాష. భక్తుడు ఇక్కడ కచేరి లెక్కలు రాసే చేత్తోనే దేవునికి ఖాతా తెరిచాడు.

ఆ కీర్తన ముగింపును వ్యాఖ్యాతలు సాధారణంగా పశ్చాత్తాపంగా చదువుతారు. తిట్టానని బాధపడవద్దనీ, దెబ్బలకు ఓర్వలేక తిట్టాననీ కవి చెప్పుకొన్న మాట నిజమే. అయితే ఆ క్షమాపణ దేనికి? తిట్టుకు మాత్రమే. లెక్కను ఆయన వెనక్కు తీసుకోలేదు. చింతాకు పతకం వెల తగ్గలేదు, దెబ్బలు పడలేదని అనలేదు. నోటి దురుసుకు క్షమాపణ చెప్పి వాస్తవాన్ని అట్లాగే నిలబెట్టడం గొప్ప నైతిక వివేకం. తానీషాకు రామలక్ష్మణులు పైకం చెల్లించారన్న ఐతిహ్యం ఈ దృష్టితో చూస్తే కేవలం మహిమ కథ కాదు. లెక్క సరియైనదేనని ప్రతివాది అంగీకరించినట్లు.

ఇక్కడ సంశయానికీ నిందకూ ఉన్న భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. న్యాయశాస్త్రం షోడశ పదార్థాల్లో సంశయాన్ని ఒకటిగా గుర్తించింది. ఒకే ధర్మియందు పరస్పర విరుద్ధ ధర్మాలు తోచడం సంశయం; దూరాన కనిపించేది మోడో మనిషో తెలియని స్థితి. నిందకు ఆ సందిగ్ధత లేదు. ఎదుట ఉన్నది మనిషేనని, తనవాడేనని నిశ్చయమైన తరువాతనే నింద సాధ్యం. కుసుమాంజలిలో ఈశ్వరసిద్ధికి యుక్తులు కూర్చిన ఉదయనుడు పూరీ ఆలయం తలుపులు మూసి ఉండగా జగన్నాథుణ్ణి దెప్పిపొడిచాడన్న ఐతిహ్యం ఈ భేదాన్నే చూపుతుంది. తర్కం ముగిసిన చోట ఆయనకు అలిగే హక్కు వచ్చింది. కాబట్టి నిందాస్తుతిని సంశయగీతంగా వర్గీకరించడం పొరపాటు. దానిలో మధ్యమపురుష క్రియ ఉన్నంతకాలం విశ్వాసం చెక్కుచెదరలేదు.

అసలు చిక్కు మధ్యమపురుషమే సడలినప్పుడు మొదలవుతుంది. గోదావరి సీమలో అది పందొమ్మిదో శతాబ్ది చివర జరిగింది. కందుకూరి వీరేశలింగం 1878లో రాజమహేంద్రవరంలో ప్రార్థన సమాజాన్ని స్థాపించాడు. అనంతరం రఘుపతి వేంకటరత్నం నాయుడు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షుడై బ్రహ్మసమాజ ధర్మాన్ని ఒక తరం విద్యార్థుల నరనరానికి ఎక్కించాడు. పిఠాపురం మహారాజు సూర్యారావు సైతం ఆయన ప్రభావానికి లోనైనవాడే. ఏకేశ్వరుడు, నిరాకారుడు, విగ్రహ నిషేధం: ఈ బోధ సంఘసంస్కరణకు ఇచ్చిన బలాన్ని తక్కువ చేయనవసరం లేదు. కాని గేయకవికి అది ఒక విచిత్రమైన లోటు తెచ్చిపెట్టింది. నిరాకారునికి నగలుండవు. నగలు లేనివానిని ఏ లెక్క చూపి నిలదీయాలి? పాదాలు లేనివాని పాదాలు పట్టుకొని అలగడం ఎట్లా?

దేవులపల్లి కృష్ణశాస్త్రి ఈ లోటులో పుట్టిన కవి. 1897లో పిఠాపురం సమీపాన చంద్రంపాలెంలో జన్మించాడు. తండ్రి, పెదతండ్రి ఆస్థాన పండితులు; ఇంట పురాణమూ, పూజా, సంప్రదాయ కవిత్వమూ. కాకినాడలో అబ్బిన బ్రాహ్మధర్మం ఆయనను ఆ ఇంటి దేవతల నుంచి దూరం చేసింది. 1925 నాటి ‘కృష్ణపక్షం’లో వినిపించే శోకాన్ని విమర్శకులు భార్యావియోగంతోను, ఆంగ్ల కాల్పనిక కవుల ప్రభావంతోను, రవీంద్రుని ఛాయతోను అన్వయించారు. అవన్నీ సరియైన కారణాలే గాని చాలవు. ఆ శోకానికి ఒక వ్యాకరణ లక్షణం ఉంది: చాలా చోట్ల అది ఎవరికి చెప్పుకొంటున్నదో తేలదు. చీకటికి, ఆకుకు, పక్షికి, ఊహాప్రేయసికి చెప్పుకొంటుంది. ఎదుటివాడు మారుతూనే ఉంటాడు. రామదాసు వేదనకు చిరునామా ఉంది. కృష్ణశాస్త్రి వేదన చిరునామా రాయని ఉత్తరం. దానిని ఆత్మజాలి అనడం తేలిక, అట్లా అన్నవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ‘మహాప్రస్థానం’ ముందుమాటలో చలం ఈ బాధనూ శ్రీశ్రీ బాధనూ పక్కపక్కన పెట్టి చేసిన తూనిక తరువాతి విమర్శకు దాదాపు తీర్పైపోయింది. ఆ తూనికలో చమత్కారం పాలు ఎక్కువ. వినేవాడు పోయిన తరువాత కూడా చెప్పుకోవలసిన అవసరం పోని మనిషి స్థితి అది. వేదాంత పరిభాషలో చెప్పాలంటే, ఉపాధి తొలగినా ఉపాసన తొలగని స్థితి.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. అదే కవి తరువాతి కాలంలో ఆకాశవాణికీ చలనచిత్రాలకూ సాకార దైవాలపై భక్తిగీతాలు రాశాడు. ఆండాళ్ తిరుప్పావైని తెలుగు పాటలుగా మలిచాడు. నమ్మకం లేని చోట నమ్మినట్లు రాయడం నైతికంగా సమర్థనీయమా? వృత్తి అని ఒక మాటతో తోసిపుచ్చవచ్చు గాని, అది జవాబు కాదు. పాట నిజాయితీని సాక్షి వాంగ్మూలం నిజాయితీతో కొలవడంలోనే దోషం ఉంది. కోర్టులో సాక్షి తాను చూచినది చెబుతాడు. గేయంలోని ‘నేను’ పాడే ప్రతివాడికీ ఖాళీగా వదిలిన చోటు. రచయిత ఆ చోట కూర్చున్నాడా లేదా అన్నది కాదు, కూర్చోదలచినవానికి ఆ చోటు నిజంగా సరిపోతుందా అన్నది పరీక్ష. హార్లెం గాయకులు ఆ ఐరిష్ పాటలో కూర్చోగలిగారు.

1963లో వ్యాధివల్ల కృష్ణశాస్త్రికి గొంతు పోయింది. పదేళ్ల తరువాత, 1973లో, ‘భక్త తుకారాం’ చిత్రానికి ఆయన రాసిన ఘనసుందర పాండురంగ గీతాన్ని ఘంటసాల పాడాడు. తుకారాం విఠోబాతో తగువులాడిన అభంగాలకు పేరుపడ్డవాడు. మూర్తిని కాదన్న సమాజంలో పెరిగిన కవి, మాట పెగలని స్థితిలో, ఆ పోట్లాట భక్తుని కోసం స్తోత్రం రాశాడు. ఇది మతాంతరమని గాని, తిరిగివచ్చిన విశ్వాసమని గాని నిర్ణయించడానికి ఆ పాటలో ఆధారం దొరకదు, వెతకనవసరమూ లేదు. ‘కృష్ణపక్షం’లో కానరాని స్థిరమైన సంబోధన ఇక్కడ ఉందన్నది మాత్రం పాఠమే చెబుతుంది.

ఇంతవరకు చూచిన వారంతా ఒక సౌకర్యాన్ని అనుభవించినవారే. గోపన్న గుడి కట్టించినవాడు. కృష్ణశాస్త్రి గుడిలోకి పోవడం, పోకపోవడం తన ఇష్టంపై ఆధారపడినవాడు. నింద చనువును కోరుతుందన్న పై సిద్ధాంతం, గుడి వాకిలి దాటనివ్వని మనిషి విషయంలో నిలుస్తుందా? గుర్రం జాషువ యౌవనంలో రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు కథావాచకుడుగా పనిచేసినవాడు. తెరమీద పెదవులు కదిపేవారికి తెరముందు నిలిచి మాటలు అందించడం ఆ ఉద్యోగం. క్రైస్తవ కుటుంబంలో పెరిగి హిందూ పురాణేతివృత్తాలు చేపట్టినందుకు స్వమతస్థుల ఆగ్రహానికీ, కులం కారణంగా పండితుల తిరస్కారానికీ ఆయన ఒకేసారి గురయ్యాడు. (యూటూ పాట వెలువడిన సంపుటం ‘ద జాషువా ట్రీ’ పేరులోనూ ఉన్నది అదే బైబిలు నామం, యాదృచ్ఛికమే.)

1941 నాటి ‘గబ్బిలం’లో కథానాయకుడు కాశీ విశ్వేశ్వరునిపై అభియోగాన్ని తాను స్వయంగా వినిపించలేడు. ఆలయంలోకి అడ్డులేకుండా పోగలిగిన గబ్బిలాన్ని వకీలుగా పంపుతాడు. మేఘసందేశంలో యక్షునికి దూరం అడ్డం. ఇతనికి గుమ్మం అడ్డం. రామదాసు లెక్కలో నగలు దేవుని ఒంటిమీద కనిపిస్తున్నాయి; ఇతని లెక్కలోనివి ఆకలి, అంటరానితనం. చనువు లేనివాని నింద కాబట్టి ఇది నిందాస్తుతి కాజాలదు. చిరునామా స్పష్టంగా ఉంది కాబట్టి సంశయమూ కాదు. దీనికి మన అలంకారశాస్త్రంలో పేరు లేదు. దేవుని ఉనికిని ఇతడు ప్రశ్నించడు. దేవునికీ తనకూ నడుమ నిలిచినవాని అధికారాన్ని ప్రశ్నిస్తాడు. అందుకే సందేశానికి సమయం కూడా తానే నిర్ణయించి చెబుతాడు: పూజారి అక్కడ లేని వేళ చూచి, శివుని చెవి దగ్గరకు చేరి, మెల్లగా చెప్పమని.