హింసను చూసి నవ్విన సామాజికుడు: ఒక నైతిక పరిశీలన

రంగస్థలం మీద హింస జరుగుతూ ఉండగా సామాజికుడు నవ్వవచ్చునా? నవ్వితే ఆ నవ్వుకు బాధ్యులెవరు? మార్టిన్ మెక్‌డొనా రచించిన ‘ది లెఫ్టినెంట్ ఆఫ్ ఇనిష్‌మోర్’ నాటకాన్ని హైదరాబాదులో ఒక విద్యార్థి బృందం ఆంగ్లంలోనే ప్రదర్శించగా చూసినప్పుడు ఈ ప్రశ్నలు నాకు ఎదురయ్యాయి. ఆనాడు నేను బిగ్గరగా నవ్వాను. నా పక్కన కూర్చున్న సహ పరిశోధకురాలు ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ భేదాన్ని అర్థం చేసుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

2001లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకానికి నేపథ్యం ఉత్తర ఐర్లండ్ సాయుధ పోరాటం. కథాకాలం 1993, స్థలం అరన్ దీవుల్లో ఒకటైన ఇనిష్‌మోర్. ఐఆర్ఏ సైతం చేర్చుకోవడానికి జంకిన ఉన్మాది పాడ్రిక్ ఇందులో ప్రధాన పాత్ర. ఒక దృశ్యంలో అతడు ఒక యువకుణ్ణి తలకిందులుగా వేలాడదీసి, కాలిగోళ్లు ఊడబెరికి హింసిస్తూ ఉంటాడు. ఇంతలో తండ్రి ఫోన్ చేసి, పాడ్రిక్ ప్రాణప్రదంగా పెంచుకొన్న పిల్లికి ఒంట్లో బాగాలేదని చెబుతాడు. పాడ్రిక్ కన్నీరు పెట్టుకొంటాడు. వేలాడుతున్న యువకుడే అతణ్ణి ఓదార్చి, పిల్లికి మందు ఎలా వేయాలో సలహా ఇస్తాడు. ప్రేక్షకులు పగలబడి నవ్విన ఘట్టాల్లో ఇది ఒకటి.

యుద్ధం, మరణం, నగర ముట్టడి వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపక, ప్రవేశకాదుల ద్వారా సూచించాలని భరతుడు విధించాడు. హాస్యానికి కరుణ, భయానకాలు విరోధులని విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో చెప్పాడు. ఈ రెండు నియమాలనూ మెక్‌డొనా నాటకం ఉల్లంఘిస్తుంది. అయినా ఇక్కడ హాస్యం పుట్టడానికి కారణం మన అలంకారశాస్త్రంలోనే దొరుకుతుంది. అనౌచిత్యం వల్ల రసం ఆభాసమైనప్పుడు అది హాస్యానికి దారితీస్తుందని అభినవగుప్తుని అభిప్రాయం. మనిషి గోళ్లు పెరికే చేతులతోనే పిల్లి కోసం కన్నీరు తుడుచుకోవడం కరుణాభాస. కాబట్టి మనం నవ్వింది బాధితుని నొప్పికి కాదు, హింసకుని శోకంలోని అనౌచిత్యానికి అని సమాధానం చెప్పుకోవచ్చు. ప్రదర్శన ముగిసేదాకా నేనూ నా నవ్వును ఇలాగే సమర్థించుకొన్నాను.

అయితే ముగింపు ఆ సమర్థనను నిలవనీయలేదు. చివరికి రంగం మీద నలుగురు మనుషుల శవాలు మిగులుతాయి. వాటిని ముక్కలు చేసే పని ఇద్దరు అమాయకుల మీద పడుతుంది. అప్పుడు, చనిపోయిందనుకొన్న పిల్లి సజీవంగా ఇంట్లోకి నడిచి వస్తుంది. అంటే ఈ నెత్తురంతా వ్యర్థం. ఆ ఇద్దరూ పిల్లికి తుపాకులు గురిపెడతారు. సభ నిశ్శబ్దమైంది. వారు కాల్చలేక తుపాకులు దించగానే హాలంతా హాయిగా ఊపిరి పీల్చుకొంది. నేనూ పీల్చుకొన్నాను. నలుగురు మనుషులు చచ్చినప్పుడు లేని ఆందోళన పిల్లి విషయంలో కలిగింది. ఏ అనౌచిత్యాన్ని చూసి పాడ్రిక్‌ను నవ్వామో అదే అనౌచిత్యం మాలోనూ ఉన్నదని అప్పుడు తెలిసింది.

నాటకంలో మనుషులను తేలికగా, పిల్లిని ఆత్మీయంగా చిత్రించింది రచయితే కదా, సామాజికుని తప్పేమిటి అని ఆక్షేపించవచ్చు. అది కొంతవరకు నిజం. కానీ ఆ చిత్రణకు అంత సులువుగా లోబడడం మన వంతు. అందులో దూరానికి కూడా పాత్ర ఉంది. ఐర్లండ్ మృతులు మాకు బంధువులు కారు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ వద్ద జరిగిన పేలుళ్లు ఈ నగరానికి తెలుసు. ఇదే కథను ఆ సాయంత్రానికి ముడిపెట్టి రాసి ఉంటే నేను నవ్వగలిగేవాణ్ణి కాను. నాటకం ముగిశాక నా సహ పరిశోధకురాలు అన్నది కూడా ఇదే: “వాళ్ల ఊళ్లోనూ ఎవరో ఒకరి కోసం ఇంట్లో ఎదురుచూసి ఉంటారు కదా.” ఆమె నవ్వకపోవడాన్ని రసజ్ఞత లోపమని నేను అంతకుముందు భావించాను. నిజానికి ఆమె నేను మరిచిన మనుషులను గుర్తుంచుకొంది.

అలాగని ఇటువంటి నాటకాలు ఆడకూడదనడం సరికాదు. హింసకు గంభీరమైన ఆదర్శాల ముసుగు వేసేవారి డొల్లతనాన్ని ఈ నవ్వు బయటపెట్టినంతగా ఉపన్యాసాలు బయటపెట్టలేవు. భరతుడు స్మితం నుండి అతిహసితం వరకు నవ్వును ఆరు విధాలుగా విభజించి, ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు వాటిని అన్వయించాడు. క్రూరహాస్యం విషయంలో నవ్వు ఎంత పెద్దదన్నదానితో పాటు, ఎవరిని మరిచి నవ్వామన్నది కూడా విచారించాలి. రంగం మీద ఆ నవ్వు పుట్టించడం నాటకకర్త పని. తెర పడ్డాక దాన్ని విచారించడం సామాజికుని బాధ్యత. ఆ విచారణ లేనినాడు నవ్వినవారికీ పాడ్రిక్‌కూ మధ్య ఉన్న దూరం మనం అనుకొన్నంత ఎక్కువ కాదు.