పాలపిట్టను చూసేందుకు దసరా దాకా ఆగకు

పాలకుర్తి,
శివరాత్రి వెళ్లిన వారం.

చిరంజీవి బిడ్డకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు వస్తున్నవని మీ నాన్న చెప్పిండు. ఉన్నన్నాళ్లు పొద్దుగాల నాతో నడకకు రా. సోమేశ్వరస్వామి జాతర అయిపోయింది, గుట్ట కింద సందడి తగ్గింది, చలి శివశివా అంటూ పోయింది. ఆకు రాలిన కొమ్మల్లో పిట్టకు దాక్కునే చోటుండదు. చూడడం నేర్చుకునేవాళ్లకు ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజులు లేవు.

మోదుగులు విరగబూసినయి. మధ్య ఆసియా నుంచి చలికాలానికి మన దిక్కు వచ్చే గులాబీ గోరింకలు తిరుగు ప్రయాణానికి ముందు ఆ పూల తేనె తాగుతయి. పువ్వులో ముక్కు పెట్టిన పిట్ట తలకు పుప్పొడి అంటి, ఇంకో చెట్టుకు చేరుతది.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మనవాళ్లు ఊరి బయటికి పోతరు. మంచి ఆచారమే. కానీ ఆ ఒక్కనాటి కోసం దాన్ని పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి చూపించి పైసలడిగేవాళ్లు ఉన్నరు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన రాష్ట్ర పక్షికి మనం చేసే మర్యాద అదేనా? అట్ల చూసినందుకు పుణ్యం వస్తదంటే నేను నమ్మను. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టిరంగులోనే కనపడుతది. రెక్క విప్పితేనే ఆ నీలమంతా బయటపడేది. ఇగ ఇప్పుడు అది జతకట్టే కాలం. నిట్టనిలువునా పైకి లేచి, గట్టిగా అరుచుకుంటూ, గాలిలో దొర్లుతూ కిందికి దిగుతది. పంజరంలో అది చూడగలమా?

తేనెటీగలు పట్టే చిన్న పచ్చపిట్టను కూడా చూపిస్త. తోక మధ్య నుంచి రెండు సన్నటి ఈకలు పొడుచుకొని ఉంటయి. ఎగిరే ఈగను గాలిలోనే అందుకొని తీగ మీదికి తెస్తది. వెంటనే మింగదు. ముక్కున కరిచి తీగకేసి కొడుతది, తోక దిక్కు రుద్దుతది. కొండి ఊడి విషం పోయినాకనే మింగుతది. ఈగ మీద జాలిపడి పిట్టను తిట్టుకోకు, దాని గూట్లో పిల్లలుంటయి. మంచిచెడ్డలు తేల్చేముందు కడదాకా చూడు. రేపు మనుషుల మధ్య బతకడానికి కూడా ఈ ఓపికే పనికొస్తది.

ఫ్రాన్సులో జాఁ ఆంరీ ఫాబ్రె అని ఒక పంతులు ఉండె. 1879లో సెరిన్యాన్ అనే ఊళ్లో రాళ్లూ ముళ్లకంపా తప్ప ఏమీ లేని బీడు కొనుక్కున్నడు. 1915లో చనిపోయేదాకా అక్కడనే ఉండి కందిరీగలను, పేడపురుగులను చూస్తూ పుస్తకాల మీద పుస్తకాలు రాసిండు. మన రాళ్ల చెల్కలో కూడా అన్ని పురుగులున్నయి బిడ్డా, కూర్చొని చూసేవాళ్లే తక్కువ. ఫోన్ ఇంట్లో పెట్టి రా, నోటు పుస్తకం చాలు. గూటి దగ్గరికి మాత్రం పోవద్దు. మనం కాచుకొని నిలబడితే తల్లిపిట్ట భయపడి లోపలికి రాదు.

మామిడి తోటలో కొన్ని చెట్లకు ఇంకా పూత ఉంది. తేనెమంచు పురుగుకు భయపడి, పూత నిండుగా విచ్చినప్పుడు మందు కొడితే కాయ పట్టించే ఈగలు కూడా చస్తయి. ఈ మాట పక్క తోటల వాళ్లకు చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది. చదువుకునే పిల్లవు, నువ్వు చెప్తే వింటరేమో.

ఇంకో సంగతి. చెల్క గట్టున ఎండిన తాటిమోడు కొట్టించాలని మీ నాన్న అంటున్నడు. దాని తొర్రలోకి పాలపిట్టల జంట వచ్చిపోతున్నది. ఎండలు ముదిరేలోపు గుడ్లు పెడుతయి. ఈ ఎండాకాలం దాటేదాకా దాన్ని ముట్టొద్దని, నువ్వు వచ్చేదాకా ఆగకుండా ఈ రాత్రికే ఫోన్ చేసి మీ నాన్నకు చెప్పు.

మీ తాతయ్య