తలెత్తి నడిచింది చాలు, అల్లుడూ

అల్లుడూ,

మొన్న రాత్రి మీ ఆవిడ ఫోన్ చేసింది. నువ్వు పడుకున్నాక బాల్కనీ తలుపు వేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడింది. పిల్లాడు మంచినీళ్ల గ్లాసు ఒలకబోస్తే ఇల్లెగిరిపోయేలా అరిచావట. ఆ తర్వాత గంటసేపు ఎవరితోనూ మాట్లాడకుండా ఫోన్ చూస్తూ కూర్చున్నావట. "ఆయన ఇలా ఉండేవారు కాదు మావయ్యగారూ" అంది. అంతకు మించి తను చెప్పలేదు, నేను గుచ్చి గుచ్చి అడగలేదు.

మీ నాన్న, మా బావ, పోయి ఎనిమిది నెలలు. నీ కంట చుక్క నీరు ఎవరూ చూడలేదు. పన్నెండో రోజు భోజనాలకి ఎన్ని విస్తళ్లు, ఎవరికి ఏ రైలు, పురోహితుడి సంభావన ఎంత, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయావు. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అసలు తప్పు నాది. శ్మశానంలో కుండ భుజాన ఎత్తుకున్నప్పుడు నీ కింది పెదవి వణికింది. పక్కనే ఉన్న నేను నీ మోచెయ్యి పట్టుకుని, "మగాడివిరా, నువ్వే ఇలా అయితే అమ్మనెవరు చూస్తారు" అన్నాను. పెదవి ఆగిపోయింది. ఆనాడు ఆగింది ఇప్పటిదాకా అలాగే ఉంది. ఆ మాట వెనక్కి తీసుకుందామనే ఈ ఉత్తరం.

ఆ ఆగిన ఏడుపు బయటికి రావడానికి నీకో ఉపాయం చెప్తాను, నవ్వకు. జపాన్ పాటలు విను.

ఈ ముసలాడికి జపాన్ ఎక్కణ్ణుంచి వచ్చిందీ అనుకుంటావేమో. నా ఉద్యోగమంతా విశాఖ పోర్టులో, ఇనుప ఖనిజం ఓడలకెక్కించే చోట గడిచిందని నీకు తెలుసుగా. బైలదిల్లా కొండల్లో తవ్విన రాయి కొత్తవలస-కిరండూల్ లైను మీద దిగివచ్చి జపాన్ వెళ్లేది. 1984లో అలాంటి ఒక ఓడలో బోసన్ పరిచయమయ్యాడు. డెక్కు మీద పనిచేసే కళాసీలకి పెద్ద అన్నమాట. నలభై దాటిన మనిషి, చేతులు తాడు పేనినట్టు ఉండేవి. ఒకరోజు కన్వేయరు బెల్టు ఆగిపోయి రెండు గంటలు ఖాళీ దొరికితే, తన గదికి పిలిచి టీ ఇచ్చి టేపురికార్డరులో ఒక పాట పెట్టాడు.

ఆ పాట పేరు 'ఆ ఉయెనో ఎకి'. ఎకి అంటే స్టేషను. 1964లో ఇజావా హచిరో పాడాడు. ఆ రోజుల్లో జపాన్ ఉత్తరాది పల్లెల్లో పదిహేనేళ్లకి బడి ముగించిన పిల్లల్ని గుంపులుగా రైలెక్కించి టోక్యో కార్ఖానాలకీ దుకాణాలకీ పంపేవారు. 'బంగారు గుడ్లు' అని ముద్దుపేరు కూడా పెట్టారు, తక్కువ జీతానికి దొరికే పిల్లలు కదా మరి. ఆ రైళ్లు వచ్చి చేరే స్టేషనే ఉయెనో. మా బోసనూ అక్కడ దిగినవాడే. వాళ్లమ్మ కట్టిచ్చిన అన్నం ముద్దల్లో ఒకటి తినకుండా దాచుకున్నాడట. మూడోరోజుకి పాడైపోయినా పారేయడానికి చేతులు రాలేదట. వచ్చీరాని ఇంగ్లీషులో ఇంతే చెప్పగలిగాడు.

పాట సగంలో ఉండగా మెడలో తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి, చప్పుడు లేదు. ఎటు చూడాలో తెలియక నేను గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. పాట అయిపోయింది. మొహం గట్టిగా తుడుచుకుని, తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, మళ్లీ మెడలో వేసుకుని, "ఒతొకొ నకి" అన్నాడు. మగవాడి ఏడుపు అని అర్థం. దానికి వాళ్ల భాషలో విడిగా ఒక మాటే ఉంది చూడు! తర్వాత "బెల్ట్ ఓకే?" అని అడిగి పైకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం తాళ్ల దగ్గర అందరి కంటే ముందున్నది అతనే. ఓడ కదిలే ముందు ఆ క్యాసెట్టు నా చేతిలో పెట్టాడు.

మన పాటలకేం తక్కువ అంటావు. తక్కువేం లేదు. కానీ మన సినిమా పాట వినగానే తెరమీది హీరో గుర్తొస్తాడు, నీ ఏడుపు కాస్తా అతని ఖాతాలో పడుతుంది. పైగా మాట అర్థమైతే బుర్ర మేల్కొంటుంది. భాష తెలియని పాటకి ఆ బాధ లేదు. ఖాళీ గిన్నె లాంటిది, నీ దగ్గరున్నది అందులో పోసుకోవచ్చు.

ఇంకొకటుంది. ఆ పాటల్లో చాలావాటిలో మనిషి ఏడవడు, ఆపుకుంటూ ఉంటాడు. 'ఉయె ఓ ముయితే అరుకో' అని 1961 నాటి పాట. కన్నీళ్లు కింద పడకుండా తల పైకెత్తి నడిచే ఒంటరివాడి పాట. రాసింది ఏయి రోకుసుకె, స్వరం కట్టింది నకమురా హచిదాయి, పాడింది సకమోతో క్యూ. హాయిగా ఈల కూడా వేస్తాడు మధ్యలో! ఇంగ్లండువాళ్లు పేరు పలకలేక 'సుకియాకి' అని మాంసం కూర పేరు తగిలించారు. అయినా ఆ పేరుతోనే 1963లో అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ పేరు పెట్టినవాడి మీద నాకిప్పటికీ కోపమే. సకమోతో 1985 ఆగస్టు 12న విమాన ప్రమాదంలో పోయాడు, 43 ఏళ్లకే. ఆ ఒక్క ప్రమాదంలో 520 మంది. ఆ సంగతి తెలిశాక ఆ ఈల వింటే నేనాగలేను. నువ్వు ఎనిమిది నెలలుగా చేస్తున్నది ఆ పాటలోని మనిషి చేసిందే. తలెత్తి నడిచింది చాలు.

కానీ నువ్వు మొదలుపెట్టాల్సింది దాంతో కాదు, 'అకతొంబో'తో. ఎర్ర తూనీగ అని అర్థం. మికి రోఫు అనే కవి చిన్నప్పుడే తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. తనని వీపున మోసిన దాది పిల్లనీ, ఆ భుజం మీంచి చూసిన తూనీగనీ పెద్దయ్యాక తలుచుకుని 1921లో ఆ గీతం రాశాడు. 1927లో యమద కోసకు స్వరపరిచాడు. విని చూడు, నీకే తెలుస్తుంది. సరిగమపదనిలో మ, ని లేవు. అచ్చంగా మన మోహనం! ఆ దేశపు పాటల్లో ఆ వరస బాగా వినిపిస్తుంది.

మీ నాన్న స్నానాలగదిలో మోహనం ఎత్తుకునేవాడు, గుర్తుందా? బకెట్టులో చెంబు ముంచిన చప్పుడుకి పల్లవి ఆగి, నీళ్లు పోసుకున్నాక మళ్లీ అందుకునేది. మా అక్క వంటింట్లోంచి "ఆ కచేరీ ముగిస్తే ఇడ్లీలు చల్లారిపోకుండా ఉంటాయి" అని అరిచేది. అందుకే ఈ పాట నీకు మొదటిది.

'నదసోసో' మరోనాడు విను. మొరియామ ర్యోకో చిన్నవయసులో పోయిన తన అన్నని తలుచుకుని రాసిన పాట, ఒకినావా యాసలో పేరు. నత్సుకావా రిమి పాడింది వెతుక్కో. 'తోయిరె నో కమిసమ' అంటే మరుగుదొడ్డి దేవత, నవ్వొస్తుంది కదూ. ఉయెమురా కన అనే అమ్మాయి తనని పెంచిన అమ్మమ్మ గురించి 2010లో పాడింది. దాదాపు పది నిమిషాలుంటుంది, నవ్వుతూ మొదలుపెట్టినవాణ్ణి ఎక్కడో దెబ్బతీస్తుంది. 'సెన్ నో కజె ని నత్తె' మాత్రం ఇప్పుడే వద్దు. పోయినవాళ్లు నేను సమాధిలో లేను, గాలినయ్యాను అని చెప్పే పాట అది. బావ సంవత్సరీకం అయ్యాక వినొచ్చు.

ఎక్కడ వినాలి అంటావా? జపాన్‌లో ఒక్కడే కూర్చుని పాడుకునే కరవోకె గదులున్నాయి. మనకి అపార్టుమెంటు సెల్లారులో కారుంది. ఆఫీసు నుంచి వచ్చాక అద్దాలెత్తి పదిహేను నిమిషాలు కూర్చో. తువ్వాలు ఒకటి కారులో పెట్టుకో. మొదటిరోజు ఏమీ రాకపోతే కంగారుపడకు, పాట మార్చకు, అదే మళ్లీ పెట్టు. మందు తాగి మాత్రం వినకు. అప్పుడు వచ్చే ఏడుపు నీది కాదు, సీసాది.

ఇంకో సంగతి నీకు చెప్పలేదు. శ్మశానంలో నీకు ధైర్యం చెప్పిన నేను ఆ రాత్రి మీ డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని, ఫోన్‌లో తూనీగ పాట పెట్టుకుని ఏడ్చాను. నిన్నూ పైకి పిలవాల్సింది.

బోసన్ క్యాసెట్టు ఇంకా నా బీరువాలోనే ఉంది. టేపు అంటుకుపోయింది, పాడదు. పాటల పేర్లు విడిగా కాగితం మీద రాసి జతచేశాను, ఫోన్‌లో వెతుక్కో. పిల్లాడు ఎప్పుడైనా కారు దగ్గరికి వచ్చి చూస్తే చూడనీ. నేను నీతో అన్న మాట వాడితో అనకు.

మీ మావయ్య