ఓర్పు ఎవరి కోసం?

మా పెద్దమ్మను ఊరంతా ఓర్పుగల మనిషి అంటుంది. నేనూ అన్నాను. ఆ మాట మీద ఈమధ్యే నాకు అనుమానం పుట్టింది.

ఆమెకు అండాశయ క్యాన్సర్. ఆపరేషన్ చేసి ఆరు కీమోలు ఇచ్చారు. తగ్గిందనుకుని కాఫీ పళ్లు కోయడానికి కూడా వెళ్లింది. పది నెలలకు కడుపు మళ్లీ ఉబ్బింది. తిరగబెట్టిందన్నారు. ఆరు నెలలు దాటాక తిరగబెడితే చాలాసార్లు పాత మందే మళ్లీ పనిచేస్తుందట. అందుకే మళ్లీ కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్, మూడు వారాలకోసారి. ఈ పాక్లిటాక్సెల్‌ను మొదట ఒక చెట్టు బెరడులోంచి తీశారని చెబితే, "అయితే మనోళ్ల మందే కదరా" అని నవ్వింది.

రెండో కీమో అయిన పదో రోజున ఆమెకు జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు పొయ్యి పక్కనే ముడుచుకుని పడుకుంది. నేను చెయ్యి పట్టుకునేసరికి కాలిపోతోంది. పాడేరు నుంచి విశాఖ చేరేసరికి తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. అయిదు రోజులు వార్డులో ఉన్నాం. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా రావాలని, ఇంట్లో మాత్ర వేసి చూస్తూ కూర్చోకూడదని డాక్టరు నన్ను కోప్పడ్డారు.

"ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"నీకు బడి ఉంది కదరా. బస్సు చార్జీలు. ఓర్చుకుంటే పోద్దనుకున్నా."

అంటే ఆమె ఓర్చుకున్నది నా కోసం. అరవకుండా కన్న తల్లిని, ముల్లు దిగినా నడిచిన పిల్లాడిని మనం మెచ్చుకుంటాం. బడిలో నేనూ మెచ్చుకున్నాను. ఆ మెప్పులో మన సుఖం ఎంత ఉందో ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. నోరు విప్పనివాళ్లు మనకు పని పెట్టరు కదా!

కావిడి మోసేవాడు భుజం మార్చుకుంటే ఎవరూ పిరికివాడనరు. దారీ తగ్గదు, బరువూ తగ్గదు. వాంతులు మొదలయ్యాక కాకుండా ముందే మాత్ర వేసుకోవడం, నోరు పూస్తే ఉప్పునీళ్లతో పుక్కిలించి కారం మానడం, నీరసం వచ్చిన రోజు పడుకోవడం అలాంటివే. జుట్టు ఊడినందుకు ఆమె పెద్దగా బాధపడలేదు. అరికాళ్ల తిమ్మిరి మాత్రం వేధించింది. రాయి గుచ్చుకుని రక్తం కారుతున్నా తెలియలేదు. చెప్పులు కొనిచ్చాను. వేళ్లకు కొడవలి పట్టు దొరకడం లేదని మూడోసారి ఆమే డాక్టరుతో అంది. ఆయన మందు మోతాదు తగ్గించారు. చెప్పకపోతే ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది?

కొన్ని బాధలు ఎంత చెప్పినా పోవు, నిజమే. అక్కడ ఓర్పు కావాలి. అయితే అది ఏ బాధో ఎవరు తేల్చాలి?

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. ఈసారి జబ్బు పూర్తిగా పోతుందని చెప్పలేమని, అణచి ఉంచడానికే ఈ మందని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆమె భయపడుతుందని నేను దాచాను. జ్వరం దాచిందని ఆమెను కోప్పడిన నోటితోనే అంతకంటే పెద్ద సంగతి దాచాను. మొన్న పొయ్యి దగ్గర కూర్చుని చెప్పేశాను.

కాసేపు నిప్పులు కెలికింది. "కడుపు ఉబ్బినప్పుడే తెలిసింది లేరా. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తన్నా. ఈ నాలుగోది అయ్యాక ఇంకా కావాలో వద్దో నేను చెప్తా. నువ్వు వినాలి" అంది.

సరేనన్నాను. నాలుగోది వచ్చే మంగళవారం. సంచిలో థర్మామీటరు, చెప్పులు, చోడి అంబలి సీసా సర్దాను.